వలకు మిగిలిన పీలికలు

“సచ్చిపోనాదమ్మా! వలలు కుట్టే షెడ్డు ఎనకాల పడుంది. మూతంతా నురగే.”

ఆ మాట చెప్పి అర్జునరావు వంటగది గుమ్మంలోనే నిలబడిపోయాడు. చెప్పులు విడవడం కూడా మరిచిపోయాడు.

రాధ చేతిలోని గరిటె జారి కింద పడింది. పొయ్యి దగ్గరున్న ఆమె అత్తగారు గంగాలమ్మ మాత్రం వెనక్కి తిరగలేదు.

“ఏ కుక్క?” అంది.

ఏ కుక్కో ఆవిడకు తెలియదా? ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఉమామహేష్ మణికట్టు కొరికిన ఎర్రకుక్క. ఉమామహేష్ అర్జునరావుకూ ఆవిడకూ ఒక్కగానొక్క కొడుకు, రాధకు మొగుడు. కరిచిన సాయంత్రమే తల్లి ఇచ్చిన పసరు మింగాడు. మర్నాడే ‘పైడితల్లి’ బోటు తీసుకుని వేటకు వెళ్లిపోయాడు. ఇంకా సముద్రం మీదే ఉన్నాడు.

“మనోడ్ని కరిసిందే,” అన్నాడు అర్జునరావు నెమ్మదిగా.

“మావా, బోటుని వెనక్కి పిలిపించండి.” రాధ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “కరిచిన కుక్క ఇంత బేగి చచ్చిపోయిందంటే అది పిచ్చిదే. ఆయనకి వెంటనే సూది పడాలి.”

“ఎందుకు పడాల?” గంగాలమ్మ పప్పుచారు గిన్నె దింపి అప్పుడు తిరిగింది. “మందు పడ్డాది. పథ్యం నడస్తంది. మద్దిలో సూది పొడిస్తే మందు తిరగబడిపోద్ది. అది తెలీదేటి నీకు?”

కొడుకు పథ్యంలో ఉన్నాడని తల్లి కూడా చేప ముట్టడం లేదు. ఫిషింగ్ హార్బరుకు కూతవేటు దూరంలో, వన్ టౌన్ సందులో, బోటున్న ఇంట్లో ఇన్నాళ్లుగా పప్పుచారే కాగుతోంది. అత్తగారికి కొడుకంటే ప్రేమ లేదని రాధ ఏనాడూ అనుకోలేదు. ఆ ప్రేమ చూస్తేనే ఆమెకు ఎక్కువ భయం వేసేది.

గంగాలమ్మ కుక్కమందంటే భీమిలి నుంచి పూడిమడక దాకా పేరుంది. ఆవిడ అత్త ఇచ్చేది, అంతకుముందు ఆ అత్తకు అత్త ఇచ్చేది. ఏ ఆకో ఎవరికీ చెప్పరు. పైసా పుచ్చుకోరు. ఒకే ఒక్క ఆచారం ఉంది. కరిచినప్పుడు ఒంటి మీదున్న బట్టలోంచి పీలిక చింపి, పెరటి గోడకు వేలాడే పాతవలకు కట్టాలి. పథ్యం తీరాక ఆ మనిషే వచ్చి, తన చేత్తో విప్పి, ఈ ఇంటి పొయ్యిలో వెయ్యాలి. అంటే నయమైపోయినట్టు.

“అత్తా, సూదితో ఏ మందూ తిరగబడదు.”

“నీకెవులు సెప్పినారు? నీ కాలేజీలో సెప్పినారేటి?”

“మా కాలేజీలో కాదు. కేజీహెచ్‌లో డాక్టర్ని అడిగాను.”

“అడిగీసినావా!” గంగాలమ్మ నడుం మీద చెయ్యి వేసింది. “నా ఇంట్లో నా మందు తింతన్న నా కొడుకు గురించి ఊరి మీద పడి అడిగీసినావు. బాగుందమ్మా. సబ్బవరం నుంచి కోడల్ని తెచ్చుకున్నందుకు బాగా బుద్ధొచ్చింది.”

రాధ నోరు మెదపలేదు. భర్త పసరు మింగిన రోజున కూడా ఇలాగే నోరు మెదపలేదు. డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పే మనిషి, అత్తగారి ముందు బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంది. ఈసారి అలా ఊరుకుంటే కుదరదు.

అర్జునరావు గుమ్మంలోంచి కదిలి పీట మీద కూర్చున్నాడు. “వైర్‌లెస్‌లో పిలవాల మరి. పైడితల్లి సానా దూరం ఎలిపోనాది. మన సెట్టు అందదు. బోటు నుంచి బోటుకి అందించుకోవాల.”

“అదే నానూ అంతన్నాను,” అంది గంగాలమ్మ. “హార్బరంతా ఇంటాది. మందిచ్చే గంగాలమ్మ కొడుక్కే సూదేయిత్తందని ఇంటాది. రేపు నా గుమ్మం తొక్కేదెవులు?”

హార్బరులో వైర్‌లెస్ అంటే వీధికొళాయే. ఎవరి మాటైనా అందరి చెవినా పడుతుంది. పిలవడానికి బోటు యజమాని మాట కావాలి. ఆ యజమాని తలకాయ ఇప్పుడు భార్య వైపూ, కోడలి వైపూ తిరుగుతూ ఉంది. పాపం, ఆయన పెళ్లయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నెగ్గిన వాదన ఒక్కటీ లేదు.

రాధ పెరట్లోకి వెళ్లింది. వల దింపి, రెండు చేతులతో మోసుకొచ్చి, హాలు మధ్యలో పరిచింది.

“ఓలమ్మో! ఎవులు ముట్టుకోమన్నారే నిన్ను!” గంగాలమ్మ పరుగున వచ్చింది. ఆ వల మీద ఆవిడ తప్ప ఎవరూ చెయ్యి వేసి ఎరగరు.

“అత్తా, ఈ పీలికలు ఎవరివి?”

“ఎవులివంటే? మందు తిని బాగుపడి, ఇప్పడానికి రాకుండా ఒగ్గీసినోల్లవి. కూసింత కూడా విశ్వాసం లేని మనుసులు.”

ఈ ఇంట్లో అందరూ అలాగే అనేవారు. ఉమామహేష్ కూడా పెళ్లయిన కొత్తలో రాధకు నవ్వుతూ అలాగే చెప్పాడు. నయమై వచ్చినవాళ్ల గుడ్డలు పొయ్యిలో కాలిపోయేవి, వాళ్ల కథలు మాత్రం ఊరంతా తిరిగేవి. రానివాళ్ల గుడ్డలు ఇక్కడే వెలిసిపోతూ ఉండేవి. వాళ్లెందుకు రాలేదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

రాధ ఒక మూల చూపించింది. అక్కడ మూడు పీలికలు నీలం దారంతో పక్కపక్కనే కట్టి ఉన్నాయి. “ఇవి?”

గంగాలమ్మకు ఏ పీలికైనా గుర్తే. “హుద్‌హుద్ గాలివాన ఏడు. ఐసు ఫ్యాక్టరీ కాడ పిచ్చికుక్క తిరిగినప్పటివి. ఈ పసుపుది కాసులమ్మ సీర. ఇది తాతబాబు లుంగీ. ఈ పూలగౌను ఆల్ల గుంటది.”

“ఆ కుక్క ఎంతమందిని కరిచింది?”

“తొమ్మిదిమందిని,” అన్నాడు అర్జునరావు. “నానే తెడ్డుతో కొట్టి సంపినాను దాన్ని.”

“అవును. అందులో అయిదుగురు మన దగ్గరికొచ్చారు. మిగతా నలుగురూ ఫ్యాక్టరీ కూలీలు. వాళ్ల మేస్త్రీ ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లిపోయాడు. వారం నుంచి నేను ఇంటికి ఆలస్యంగా వస్తున్నానని తిడుతున్నావు కదత్తా? ఆ తొమ్మిదిమంది ఇళ్లకీ తిరిగాను. సూదులేయించుకున్న నలుగురూ ఉన్నారు. నీ దగ్గరికొచ్చినవాళ్లలో ఇద్దరు విప్పుకుని వెళ్లారు, వాళ్లూ ఉన్నారు.”

“మరింకేటి?”

రాధ పూలగౌను పీలిక వేళ్ల మధ్య పట్టుకుంది. “వీళ్లు ముగ్గురూ లేరు. ముగ్గురూ ఒకేలా పోయారు. గ్లాసులో నీళ్లు చూసి కేకలు పెట్టి పోయారు.”

పొయ్యి మీద అన్నం పొంగి మూత కొట్టుకుంటోంది.

“పథ్యం తప్పినారు,” అంది గంగాలమ్మ. ఈసారి గొంతు చిన్నదైంది. “తాతబాబు కల్లు తాగినాడు. నాకు తెలుసు.”

“ఆ పాప కూడా కల్లు తాగిందా అత్తా?”

గంగాలమ్మ పూలగౌను పీలిక మీంచి చూపు తిప్పుకుంది.

“బతికితే మందు గొప్ప. పోతే పథ్యం తప్పు. అలా లెక్కేస్తే నీ మందు ఎప్పటికీ ఓడిపోదు. మామూలు కుక్క కరిచినవాళ్లు ఏ మందూ లేకపోయినా బతుకుతారు. పిచ్చికుక్క కరిచినా అందరికీ ఆ జబ్బు రాదు. అలా బతికినవాళ్లే తిరిగొచ్చి నీకు దండం పెట్టారు. పోయినవాళ్లు రాలేరు కదా.”

“అంటే నా మందు అబద్ధమా? మా అత్త అబద్ధమా?”

అర్జునరావు గొంతు సవరించుకున్నాడు. “ఉండండే. తొమ్మిదిమందిలో ముగ్గురు పోనారు. అదేటో ఆల్ల రాత బాగోక, ముగ్గురూ మనకాడికే వచ్చినారేమో. అలగ జరగదేటి?”

రాధ ఆయన వైపు చూసింది. ఈ ప్రశ్న ఏటా ఏ ఒక్క విద్యార్థో అడిగితే ఆమెకు పండగలా ఉండేది. ఇవాళ మాత్రం అది ఉమామహేష్ ప్రాణం మీదికి వచ్చింది.

“జరగొచ్చు మావా. ఎంత తరచుగా జరుగుతుందో చూద్దాం. మీ పేకముక్కలు తెండి.”

ఆయన రోజూ మధ్యాహ్నం ఆడే పేకలోంచి రాధ తొమ్మిది ముక్కలు ఏరింది. మూడు నల్లవి, ఆరు ఎర్రవి. “నల్లముక్క అంటే పోయిన మనిషి. మందుకీ సూదికీ తేడా ఏం లేదనుకోండి. పోయేవాళ్లు ఎటు వెళ్లినా పోతారనుకోండి. కలిపి, అయిదు అత్త ముందర వెయ్యండి, నాలుగు ఆస్పత్రి వైపు వెయ్యండి. మూడు నల్లవీ అత్త కుప్పలోనే ఎన్నిసార్లు పడతాయో చూద్దాం.”

అర్జునరావు ముక్కలు కలిపాడు. అయిదు ఇటు, నాలుగు అటు వేసి తిరగేశాడు.

మూడు నల్లముక్కలూ గంగాలమ్మ ముందే పడ్డాయి.

“సూసినావా!” గంగాలమ్మ చప్పట్లు చరిచింది. “ముక్కలకి కూడా నా మందే తాగించినానేటి?”

లెక్క తెలిసిన రాధకు కూడా, ఆ క్షణాన, లెక్క తనను మోసం చేసిందనిపించింది. “మళ్లీ వెయ్యండి మావా,” అంది.

మళ్లీ వేశాడు. రెండు ఇటు, ఒకటి అటు. మళ్లీ వేశాడు. ఒకటి ఇటు, రెండు అటు. గంగాలమ్మ మొదట నిలబడి చూసింది, తర్వాత కూర్చుంది. ముక్కలు పడుతున్నకొద్దీ ఆవిడ మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. చాలాసేపటికి గానీ మూడు నల్లవీ మళ్లీ ఆవిడ ముందు పడలేదు.

“ఎంతసేపు వేసినా సుమారు ఇంతే మావా. మందుకీ సూదికీ తేడా లేదనుకుంటే, ఎనిమిదింట్లో ఒకసారే అలా పడుతుంది.”

“అంటే రుజువైనట్టేనా?”

అవునని ఒక్క మాట అనేస్తే పనైపోయేది. రాధ అనలేకపోయింది.

“లేదు. తొమ్మిదిమందితో ఏదీ రుజువవదు. నా స్టూడెంట్ ఇది రాసుకొస్తే, ఇంకా మనుషుల్ని వెతికి లెక్క తెమ్మంటాను. మందు ఉత్తదని గట్టిగా చెప్పలేను, పనిచేస్తుందని అసలే చెప్పలేను. కానీ ఇంకో లెక్క తేలేదాకా పణంగా పెట్టడానికి ఆయన తప్ప మనకి ఇంకెవరున్నారు?” అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. “నాకు భయంగా ఉంది మావా. చచ్చేంత భయంగా ఉంది.”

అర్జునరావు ముక్కలు పోగుచేసి నేల మీద పెట్టాడు.

“పోర్టోల్లు మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేత్తే, తుపానొత్తాదని రుజువడిగినామేటి ఎప్పుడైనా?” అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియదు. “సగంసార్లు ఆ తుపాను ఒరిస్సా ఎలిపోద్ది. అయినా బోట్లు పిలిచేత్తాం. ఎనిమిదింట్లో ఒకటి నమ్ముకుని నానెప్పుడూ సముద్రం మీదికి ఎల్లలేదు. నా కొడుకునీ ఒగ్గను.”

ఆయన లేచి నిలబడ్డాడు. “పదమ్మా.”

“నన్ను ఊర్లో తలెత్తుకోనివ్వరు,” అంది గంగాలమ్మ. భర్త మొదటిసారి తన మాట వినకుండా గుమ్మం దాటుతుంటే ఆవిడ లేవలేదు. ఆవిడ చూపు వల చివర కొత్తగా కట్టిన పీలిక మీద ఉంది. ఉమామహేష్ గళ్లచొక్కా పీలిక. దాని మీది నెత్తురు మరక ఇంకా వెలిసిపోలేదు.

* * *

బోట్ల సంఘం గది హార్బరు మేడ మీద ఉంది. వైర్‌లెస్ సెట్టు నడిపే వరహాలు దాని ముందు కూర్చుని ఉన్నాడు. అర్జునరావు సంగతి చెప్పగానే అతని చేతిలోని టీ గ్లాసు బల్ల మీదికి దిగిపోయింది.

“ఏటి బావా నువ్వంతన్నది? ఉమాకి సూదా? మరి అక్క మందు?”

“పిలు,” అన్నాడు అర్జునరావు.

వరహాలు రాధ మొహం చూశాడు, మరి అడగలేదు. మైకు తీసుకుని పైడితల్లిని పిలిచాడు. గరగరమని శబ్దం తప్ప ఏమీ లేదు. రెండోసారి పిలిచాడు. మూడోసారికి వేరే గొంతు పలికింది. దూరంగా వేటలో ఉన్న ఇంకో బోటు డ్రైవరు సన్యాసిరాజు.

“పైడితల్లి నాకు ఔపడతంది బావా. నానందిత్తాను. ఏటి సెప్పాల?”

వరహాలు కళ్లు మూసుకుని గడగడా చెప్పేశాడు. “ఉమాని కరిసిన కుక్క సచ్చిపోనాది. పిచ్చిదంట. బేగి ఒడ్డుకొచ్చి సూదేయించుకోమంతన్నారు. ఆల్ల నాన్న మాట.”

సెట్టు మూగబోయింది. రాధ కిటికీ ఊచ పట్టుకుంది. కింద జెట్టీలో బోట్లు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. చేపలు వేలం వేస్తున్న ఆడవాళ్ల కేకలు పైకి వినబడుతున్నాయి. ఆ సందడిలో ఇంత భయం ఎలా ఇముడుతుందో ఆమెకు అర్థం కాలేదు.

ముందు పలికింది పైడితల్లి కాదు.

“వరహాలు బావా, నిజమేటి? మొన్న మా ఆవిడికి అక్క మందిచ్చింది. ఆ కుక్క మరి ఔపళ్లేదు. దానికీ ఏయించాలా?”

ఇంకో బోటు. “నాకూ ఇచ్చినాది బావా. పథ్యం అయిపోనాది. పీలిక ఇప్పుకున్నాను కూడా. ఇప్పుడు నానేటి సెయ్యాల?”

మరో గొంతు, చిన్నవాడిది, మాట తడబడుతూ, “మా పాప...” అని ఆగిపోయింది.

వరహాలు బెదిరిపోయి అర్జునరావును చూశాడు. అర్జునరావు రాధను చూశాడు. రాధ నోరు తెరిచేలోపల గుమ్మంలో చప్పుడైంది.

గంగాలమ్మ నిలబడి ఉంది. చెప్పుల్లేవు, ముడి ఊడిపోయింది. మెట్ల మీదే ఆ గొంతులన్నీ విన్నట్టుంది. పిడికిట్లో గళ్లచొక్కా పీలిక కనిపిస్తోంది. తన చేత్తో ఎవరిదీ విప్పకూడదన్న ఆచారం మొదటిసారి ఆవిడే తప్పింది.

అప్పుడు సన్యాసిరాజు మళ్లీ పలికాడు.

“బావా, ఉమా దొరికినాడు. నానందిత్తన్నాను, ఇనుకో. రానంతన్నాడు. ఇదంతా రాధ సేయింతన్న పనంతన్నాడు. మాయమ్మ మందు తిన్నాను, నాకేటవుద్ది అంతన్నాడు. వలేసి ఉంది, ఒగ్గి రానంతన్నాడు.”

రాధ కిటికీ ఊచ వదిలి సెట్టు వైపు తిరిగింది. ఇంట్లో అత్తను ఒప్పించడానికి లెక్క ఉంది, ముక్కలున్నాయి. అంత దూరాన ఉన్న మనిషి నమ్మకం మీద ఏ ముక్కలు వెయ్యాలి?

“అక్కుందేటి అక్కడ?” అన్నాడు సన్యాసిరాజు. “ఆడంతన్నాడు, అమ్మా, నీ మందు పంజేత్తాదా, సెయ్యదా? ఆ ఒక్క మాట నువ్వు సెప్పు. నువ్వు సెయ్యదంటే ఇప్పుడే బోటు తిప్పుతాను. ఇంకెవులు సెప్పినా ఇనను. అదక్కా ఆడి మాట.”

వరహాలు మైకు ఆవిడ చేతికిచ్చి, నొక్కాల్సిన స్విచ్చి చూపించాడు. గంగాలమ్మ దాన్ని పట్టుకుంది గానీ నొక్కలేదు. కోడలి దగ్గరగా జరిగింది. ఎన్నడూ లేనిది, రాధ చెయ్యి పట్టుకుంది.

“రాధా,” అంది గుసగుసగా. “సెయ్యదని నా నోటితో అంటే... కాసులమ్మని, తాతబాబుని, ఆ పూలగౌను గుంటని, నానే సంపినట్టు కదేటే?”

రాధ కాదని అబద్ధమాడలేకపోయింది, అవునని ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయింది. అత్త చెయ్యి మాత్రం వదల్లేదు.

“అక్కా, ఆడు మళ్లీ అడగతన్నాడు,” అన్నాడు సన్యాసిరాజు. “అన్ని బోట్లూ ఇంతన్నాయి. సెప్పక్కా.”

గంగాలమ్మ పీలికను గుండెకు అదుముకుని, స్విచ్చి నొక్కింది.